రాయదుర్గం డ్రమ్ము

నా భార్య చనిపోయిన ఎండాకాలంలో, ఆమె పెంచిన నిమ్మమొక్క వేళ్లు పెయింటు డబ్బాను చీల్చుకుని బయటికి వచ్చాయి. సిమెంటు తొట్టి కొనలేక, రాయదుర్గంలో జీన్సు ఉతికేచోట ఖాళీ అయిన రసాయనాల డ్రమ్ముల్లో సగానికి కోసిన ఒకదాన్ని బేరమాడాను.

"నీళ్లకా అన్నా?" అని అడిగింది అమ్మే ఆమె.

చెట్టుకని చెప్పాను.

"మందు వాసన ఇంగా పోలేదు. బాగా కడిగి, మన్ను పోసి, ముందు ఉలవలు చల్లు. మొలిస్తేనే చెట్టు పెట్టు. తొందరపడితే సంపుకుంటావు, చూడప్పా."

ట్యాంకరు నీళ్లలో తాగడానికి పట్టుకున్నవే తీసి మూడుసార్లు కడిగి, మన్ను పోసి ఉలవలు చల్లాను. నాలుగు రోజులైనా ఏదీ మొలవలేదు. డబ్బాలో నిమ్మ ఆకులు వాలిపోతున్నాయి. ఐదో రోజు పొద్దున ఒక పక్కన నాలుగు ఉలవ మొలకలు కనిపించాయి. మిగతా మన్ను బోసిగానే ఉంది. ఇక ఆగలేక, మొలకలున్న వైపే గుంత తీసి మొక్కను దించాను.