బంతిపూల దండ కింద నంబరు

నా చిన్నప్పుడు, దసరా నాడు పొద్దున్నే, ఒక జీపు మా బాపు కాలు విరగ్గొట్టి ఆగకుండా పోయింది. నెల్లికుదురు దారిలో బాపు సైకిల్ తొక్కుతుంటే నేను ముందు కడ్డీ మీద కూర్చున్నాను. ఎగిరి గడ్డిలో పడ్డాను కాబట్టి బతికాను. లేచి చూస్తే జీపు దూరమవుతోంది. పండుగ పూజ చేసిన బండి, వెనక నంబరు ప్లేటు మీద బంతిపూల దండ. అది ఊగినప్పుడు మొదటి ముక్క మాత్రం కనబడింది.

మా మేనమామ మానుకోటలో బండ్లకు నంబరు ప్లేట్లు రాసే పెయింటరు. దవాఖానలో బాపుకు పిండికట్టు వేస్తుంటే అమ్మ ఏడుస్తోంది. మామ ఏడవలేదు. నా చేతికి పలక ఇచ్చి, చూసింది చూసినట్టు రాయమన్నాడు. ఏపీ 15 అని రాశాను. ఏపీ అంటే మన రాష్ట్రం, 36 అంటే మన వరంగల్ జిల్లా, 15 అంటే కరీంనగర్ అని అప్పుడే చెప్పాడు. అక్కడే ఉన్న మా బడి సారుకు ఆ పలకను గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఊళ్లోకి వచ్చాక మాత్రం పిల్ల 36 చూసిందని అందరికీ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అబద్ధమెందుకు చెప్తున్నవ్ మామా?"

"జర ఓపిక పట్టు బిడ్డా."

సాయంత్రం జమ్మి దగ్గర ఊరంతా చేరింది. మా ఊరి పటేలు ముందురోజే ఎక్కడినుంచో పాత జీపు ఒకటి కొనుక్కొచ్చాడు. దాని నంబరు ఇంకా ఎవరూ చూడలేదు. 36 నంబరు జీపు ఉన్న ఏ ఒక్కణ్ణీ వదలనని మామ గట్టిగా అరిచాడు. పటేలు నవ్వుతూ తన జీపు ప్లేటు మీది దండ తానే పీకేశాడు.

"నా దిక్కేం చూస్తరు? నాది కరీంనగర్ బండి. గిది పదిహేను, కండ్లు తెరిచి చూడుండ్రి!"

మామ సారు వైపు చూశాడు. సారు గుడ్డ విప్పి పలక పైకెత్తాడు. పొద్దున దవాఖానలో తన ముందే పిల్ల రాసిందని చెప్పాడు. 15 అని ముందే తెలిస్తే పటేలు ప్లేటు మార్పించేసేవాడని నాకు అప్పుడు అర్థమైంది.

పగవాళ్లు కూడా జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునే రోజది. పటేలు మొదట మామకే ఆకు చాపాడు. మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత సారు, ఆ తర్వాత ఊరంతా అదే పని చేసింది. పటేలు ఆకు పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో! కేసు ఏమైందని మాత్రం అడక్కండి, పటేలు కదా.

బాపు పోయేదాకా కుంటుతూనే నడిచాడు. ఏపీ పోయి టీఎస్ వచ్చింది, అదీ పోయి టీజీ వచ్చింది, మా మానుకోట వేరే జిల్లా అయి 26 వచ్చింది. ఏ బండి ఆగినా నేను మనిషి కంటే ముందు నంబరే చూస్తాను. మొన్న దసరాకు పటేలు మనవడు కొత్త కారు దిగి, "బంగారం తీస్కో అత్తా" అని జమ్మి చాపాడు. మంచి పిల్లవాడే, తాత చేసిన దానికి వాడేం చేస్తాడు? ముందు ఆ ప్లేటు మీది దండ తియ్యి బిడ్డా అన్నాను. నవ్వుతూ తీశాడు. టీజీ 26. మొత్తం నంబరు మెల్లగా చదివాను. చేతులు మాత్రం వెనక్కే కట్టుకున్నాను.