సమురాయ్ చావుకు మైదుకూరులో వన్స్ మోర్

పాత రంగస్థల సంప్రదాయంలో తీసిన మూడు గంటల జపాన్ చారిత్రక చిత్రం మైదుకూరులో వేస్తున్నామని, చివర అరగంట నేను మాట్లాడాలని మిత్రుడు మస్తాన్ ఫోన్ చేశాడు. అందులో ఒక సమురాయ్ చచ్చిపోయిన దొర కోసం పొట్ట కోసుకుంటాడు. అది చూసి కళ్లు తుడుచుకునే మేధావుల మీద నాకు ఏళ్లనాటి కసి. ఆ విధేయతను అరగంటలో కడిగిపారేద్దామనే బయలుదేరాను.

కర్నూలు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని పొద్దున తొమ్మిదికి కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా మూడున్నర గంటలు, టికెట్టు రెండు వందల పైచిలుకు. జపాన్ సినిమా చూడ్డానికి పోతున్నానంటే కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "కర్నూల్లో సినిమాలు అయిపోయినాయా సార్?" అన్నాడు. మైదుకూరులో దిగి మెస్సులో సంగటి తిన్నాను. వడ్డించే ఆమె ఇంకో ముద్ద పట్టుకొచ్చింది. "వద్దమ్మా, సభలో మాట్లాడాలి." "మాట్లాడేదానికి బలం వద్దా సార్?" అని వేసేసింది.

సినిమా కల్యాణ మండపంలో, ఒకటిన్నరకు. ఆరింటికి అక్కడే ఎవరిదో నిశ్చితార్థం. వచ్చినవాళ్లలో సగంమంది పద్యనాటకాల పిచ్చివాళ్లు. ముందు వరసలో పసుపు వ్యాపారి సుబ్బయ్య శెట్టి. ఒకప్పుడు ఆడవేషాలు కట్టినవాడు. తెరమీద ఆడవేషం కట్టిన నటుడు విసనకర్ర తిప్పగానే "వన్స్ మోర్!" అని అరిచాడు. పద్యం నచ్చితే నటుడితో మళ్లీ పాడించుకునే అలవాటు మనకుంది, నిజమే. కానీ సినిమాకా? మస్తాన్ సినిమాను వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లీ వేశాడు. ఇక ఆ రోగం హాలంతా పాకింది. నా అరగంట కరిగిపోతోంది.

సమురాయ్ పొట్ట కోసుకున్నప్పుడూ వన్స్ మోర్! నేను లేచాను.

"దొర కోసం చచ్చేవాడికి చప్పట్లా? సిగ్గుండాలి!"

"సచ్చినందుకు కాదప్పా, పడినందుకు!" అన్నాడు శెట్టి. "ఎంత ముద్దుగా పడినాడో సూడు!"

"ఇలాంటి సినిమా నిశ్శబ్దంగా చూడాలి శెట్టిగారూ."

"జపాన్ నాటకాల్లో జనం నోరు మూసుకోని కూచుంటారా?"

కూచోరు. నటుడు భంగిమలో బిగుసుకోగానే జనంలోంచి కేకలు పడతాయి. నా ఉపన్యాసంలో నేనే రాసుకున్నాను. అబద్ధమాడలేక ఒప్పుకున్నాను. సమురాయ్ ఇంకో రెండుసార్లు చచ్చాడు.

సినిమా అయ్యేసరికి ఆరు కావస్తోంది. పూలదండలతో పెళ్లివారు లోపలికొచ్చేశారు. కుర్చీలు లాగుతుంటే వేదికెక్కి అరిచాను: "వీడు చచ్చాడు సరే, పెళ్లాం గతేంటి? సినిమా మొత్తంలో ఆమెకు ఒక్క మాటైనా ఉందా?"

పోబోతున్న శెట్టి వెనక్కి తిరిగాడు. "అవునప్పా! శానా పెళ్లాల ఏషాలు కట్టినా నేను. పద్యం లేని పెళ్లాన్ని యాడా సూడ్లే. ఇది అన్యాయం!"

తువ్వాలు తలమీద ముసుగేసుకుని వేదికమీద కూలబడ్డాడు. లేని శవం మీద చెయ్యేసి అప్పటికప్పుడు ఆ పెళ్లానికో పద్యం కట్టి, రాగం తీశాడు. దొర చచ్చినా దొరసానికి మేడ మిగిలింది, నాకు నీ కత్తి తుడిచే పని మిగిలింది, ఎవరికయ్యా నీ విశ్వాసం అని నిలదీశాడు. పెళ్లివారు దండలు పట్టుకుని నిలబడిపోయారు. పెళ్లికూతురి అవ్వ ముక్కు చీదుకుంటూ, "బాగ అడిగినావు నాయనా," అంది.

నా ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది. వాదన గెలిచింది, కానీ శెట్టి గొంతులో. చప్పట్లన్నీ ఆయనకే. కోపమొచ్చిందా అంటే, వచ్చింది. విధేయత మీద నా మాట వెనక్కి తీసుకోను. అయితే పాత నాటకమంటే దొరల భజనేనని ఇన్నేళ్లు నేను వేసిన కేకల్లో కొంత వృథా అనిపించింది. ఆ వేషంలోనే, ఆ రాగంలోనే దొరను నిలదీయొచ్చు. సీమలో ఇలాంటి ప్రదర్శనకు వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: మాట్లాడాల్సింది ఏమైనా ఉంటే సినిమా మొదలయ్యేలోపే మాట్లాడేయండి.