రెండో కొక్కెం

ముందు చప్పుడు వినిపించేది. ఇనుముకు ఇనుము తగిలి ఠంగుమని ఒకటి, కాస్త ఆగి మరొకటి. ఆ తర్వాతే పొగమంచులోంచి ఎర్తు మామ తేలి వచ్చేవాడు, భుజాన కొక్కేలున్న రెండు ఎర్తు కడ్డీలతో, తీగలోని కరెంటును నేలలోకి దింపేవి.

అసలు పేరు అందరూ మరిచిపోయారు. ముప్పై ఏళ్లుగా డీసీ కరెంటు లైన్ల మీద లోపాలు వెతికిన మనిషి. ఇంట్లో తలుపు గొళ్లాన్ని కూడా, కరెంటుందేమోనన్నట్టు, ముందు వేళ్ల వెనకవైపుతో తాకి చూస్తాడు. "పెళ్లిలో నా చెయ్యీ అలాగే పట్టుకున్నాడీయన," అంటుంది భార్య.

ఆ ఉదయం లైను ఆగిపోయింది. సబ్‌స్టేషన్‌లో మూడుసార్లు కరెంటు ఎక్కించి చూశారు, మూడుసార్లూ పడిపోయింది. టవరు మీద రెండు తీగలు. ఒకటి చచ్చింది. పక్కది బతికే ఉంది, తేనెపట్టులా సన్నగా మోగుతూ. మామతో పాటు అల్లుడూ ఎక్కాడు. ఏసీ లైన్ల నుంచి కొత్తగా వచ్చినవాడు. కొక్కెం తగిలించి చచ్చిన తీగను నేలకు కలిపారు. తీగను టవరుకు వేలాడదీసే పింగాణీ బిళ్లల వరసలో నాలుగు మాడి పగిలి ఉన్నాయి. వాటికి సరిగ్గా అడ్డంగా ఉంది కొక్కెం.

"తీసి ఇవతల పెడతా మామయ్యా."

"రెండోది తగిలించాక తియ్యండి అల్లుడుగారూ."

"ఉన్న కరెంటంతా ఇందాకే దిగిపోయిందిగా! చచ్చినదాన్ని ఎన్నిసార్లు చంపుతారు?"

నవ్వుతూనే తీసేశాడు.

మామ మెడ మీద వెంట్రుకలు లేచాయి. బతికున్న తీగ వైపు నుంచి తడిగాలి వీస్తోంది. చచ్చిన తీగ మెల్లగా మోగడం మొదలుపెట్టింది. అల్లుడి చెయ్యి బిళ్లల వైపు సాగుతోంది.

"చెయ్యి తియ్యరా!"

మామ ఎన్నడూ అల్లుణ్ణి 'రా' అని ఎరగడు. ఆ మాటకే అల్లుడు కొయ్యబారిపోయాడు. మామ రెండో కడ్డీ చాపాడు. కొక్కెం ఇంకా జానెడు దూరంలో ఉండగానే నీలం మంట దూకి ఫెళ్లున పేలింది.

కిందికి దిగాక అల్లుడు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, కరెంటు వదిలిందెవరని అరిచాడు. అక్కడ ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. పక్క తీగ గాలిలోకి చిమ్మిన విద్యుత్తే, ఆ గాలితో కొట్టుకొచ్చి, చచ్చిన తీగ మీద పేరుకుందని మామ చెప్పాడు. అల్లుడు తన అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషిని సాగనంపుతూ, గుమ్మం దగ్గర మామ ఒక మాటన్నాడు.

"ఎవడో ఒకడు స్విచ్చి వేసుంటే బాగుండేది బాబూ. వాణ్ణి నాలుగు తిట్టి మర్చిపోయేవాణ్ణి. ఎవరూ వెయ్యలేదు. ఇంకెవర్ని తిట్టను?"