పేర్లు కలిస్తే ఫోటోలు పోయాయి

ఒకే ఫోటో రెండుచోట్ల ఉంటే ఒకదాన్ని చెరిపేసే చిన్న లినక్స్ ప్రోగ్రామ్ రాసి, అందరూ వాడుకోండని నెట్‌లో పెట్టాను. ఈ రోజు సీతాఫల్‌మండిలో స్టూడియో నడిపే ఖాజా భాయ్ ఫోన్ చేశారు.

“ఏంది తమ్మీ, నీ ప్రోగ్రామ్ నడిపిన. సగం నిఖా ఫోటోలు కనిపిస్తలేవు!”

పని త్వరగా అవ్వాలని ఫోటోల పేర్లు మాత్రమే పోల్చేలా రాశాను. మెమరీ కార్డు మార్చినప్పుడల్లా ఆయన కెమెరా నంబర్లు మళ్ళీ ఒకటి నుంచే మొదలుపెడుతుందట. ఇంకో పెళ్ళి ఫోటోలకూ అవే పేర్లు.

పరుగెత్తుకెళ్ళాను. ఆయన సొరుగులోంచి ఆ నిఖా ఫోటోలున్న కార్డు తీశారు. “పరేషాన్ గాకు. ఆల్బమ్ ఇచ్చేదాక కార్డు ఖాళీ చెయ్య నేను.”

ప్రోగ్రామ్ నెట్ నుంచి వెంటనే తీసేశాను. సీతాఫల్‌మండి దగ్గరే కాబట్టి పరుగెత్తగలిగాను. మిగతావాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. మీలో ఎవరైనా దింపుకుని ఉంటే, ఇంకా నడపలేదని ఒక్క మాట చెప్పండి.