సత్తెమ్మ టీచర్ అమ్మిన పై అంతస్తు

నిన్న మధ్యాహ్నం రాయదుర్గంలో అమ్మకానికి వచ్చిన ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లాను. తాళం తీయగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. దాని కింద సన్నగా మరో వాసన, తడిసిన సున్నానిది. ఇంటాయన కిటికీ తెరిచి మెట్రో స్టేషనూ ఆఫీసు టవర్లూ చూపిస్తున్నాడు. నాకు మాత్రం ఇరవై ఏళ్ల కిందట హఫీజ్‌పేటలో ఇలాంటి గోడ ముందు నిలబడి నా వైపు చూసిన సత్తెమ్మ టీచర్ కళ్లు గుర్తొచ్చాయి.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. భర్త పోయాక మూడేళ్ల కూతురితో గోదావరి జిల్లా నుంచి ఇక్కడున్న మా అక్క దగ్గరికి వచ్చి, ఇళ్లు అమ్మిపెట్టే ఒక చిన్న ఆఫీసులో చేరాను. నాకు మొదట అప్పగించింది టీచర్ ఇల్లే. సర్కారు బడి పంతుళ్లు కొందరు సహకార సంఘం పెట్టుకుని కట్టుకున్న నాలుగంతస్తుల భవనం అది. లిఫ్టు లేదు. పై అంతస్తులో టీచర్ ఒక్కరే ఉండేవారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేక, ఆ ఇల్లమ్మేసి నేల మీద ఎక్కడైనా కిరాయికి ఉందామనుకున్నారు.

పడగ్గది మూల, పైకప్పుకు దగ్గరగా, పళ్లెమంత చెమ్మ మచ్చ ఉండేది. అది చూసి మా ఆఫీసు యజమాని, "రంగు వేయించండి పద్మగారూ, అమ్మకానికి పెట్టిన ఇల్లు ముఖం కడుక్కోవద్దా?" అన్నారు. టీచర్ నాకు తాళం ఇచ్చి పుప్పాలగూడలో చెల్లెలింటికి వెళ్లిన నాలుగు రోజుల్లో ఆ పని కానిచ్చేశాను. ఆవిడ తిరిగొచ్చి, సంచీ కింద పెట్టకుండానే ఆ మూలకు నడిచి గోడ మీద చెయ్యి పెట్టారు.

"ఎవరు ఏయించిండ్రు?"

"నేనేనండి. శుభ్రంగా కనబడుతుందని."

"మచ్చ పోయింది. చెమ్మ పోయిందా?"

ఆవిడ కోప్పడలేదు. కాసేపు నా వైపు చూసి, "చాయ్ తాగుతవా?" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఒక జంట వచ్చింది, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఇల్లు నచ్చినట్టు ముఖాల్లోనే తెలుస్తోంది. నేను నోరు తెరిచేలోపే టీచర్ హాజరు పిలిచినట్టు చెప్పుకుపోయారు. "వాన గట్టిగ పడితే ఈ మూల కారుతది. ఎండకాలం ఈ పండుకునే అర్ర కాలుతది. గాలి మాత్రం మస్తుంటది." ఫోన్ చేస్తామని వెళ్లిన వాళ్లు మళ్లీ చేయలేదు. తర్వాత వచ్చిన వాళ్లదీ అదే కథ. నాకు ఓపిక నశించింది.

"వాళ్లు అడగలేదు కదండీ, మీరెందుకు చెప్పడం? ఇది అమ్ముడుపోకపోతే నా ఉద్యోగం ఉండదు," అన్నాను.

టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నాకప్పుడు ఆరేండ్లుంటయేమో," అని మొదలుపెట్టారు. పందొమ్మిది వందల నలభైల చివర, పల్లెలన్నీ గడబిడగా ఉన్న రోజులు. ఒక పొద్దున వాళ్ల నాన్న ముగ్గురు పిల్లల్నీ తీసుకుని పుప్పాలగూడ విడిచి నడిచాడట. దారిలో ఏదో ఊళ్లో ఒక ముసలమ్మ తనకున్న రెండో గది ఇచ్చింది. ఇచ్చేటప్పుడే, "ఇటు దూలం పుచ్చింది, వానొస్తే నమ్మలేం. పిల్లల్ని ఆ గోడ పొంటి పండవెట్టు," అని చెప్పింది. మూడో రోజు పట్టపగలు కురిసిన వానకు దూలం విరిగి సగం కప్పు కూలింది. పిల్లలు ముగ్గురూ గోడ పక్కన ఉన్నారు.

"ఆమె పేరు గూడ మాకు తెల్వది పద్మా. అంత మంచిగనే ఉంది, పండుకోండ్రి అంటే మా నాయిన నమ్ముతుండె," అన్నారు టీచర్. నేను ఒప్పుకోలేదు. ఆ కథ వేరు, నా బతుకు వేరు అనుకుంటూ మెట్లు దిగాను.

ఇల్లు చూడ్డానికి మూడో బేరంగా ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ రోజు టీచర్ మోకాళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లారు. ఈసారి బేరం ఎలాగైనా కుదర్చాలని మా యజమాని స్వయంగా వచ్చారు. ఆ పెద్దావిడ ప్రతి అంతస్తులోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. పడగ్గదిలో మంచం అంచున కూర్చుని, మా యజమానిని వదిలేసి నన్నే అడిగింది. "వానకు కారుతదా బిడ్డా?"

యజమాని నా పక్కనే ఉన్నారు. కూతుర్ని ఆ జూన్‌లో బడిలో వేయాలి. అదంతా ఒక్క క్షణంలో తలలో తిరిగింది. కానీ ఆవిడ కూర్చున్నది సరిగ్గా ఆ మూల కింద.

"కారుతుందండి. ఆ మూలే. పైన రంగు నేనే వేయించాను," అన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక యజమాని నింపాదిగా మెట్లు దిగుతూ, "రేపట్నుంచి మీరు ఆఫీసుకు రానవసరం లేదు," అన్నారు.

నేను నేరుగా దవాఖానకు వెళ్లి టీచర్‌కు చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చారు. "బిడ్డకు బువ్వ ఉందా ఇంట్ల?"

"ఉందండి."

"అయితే ఫికర్ చెయ్యకు. ఐతారం రా, పనుంది."

ఆ ఆదివారం సంఘం మీటింగు ఉంది. పైకప్పు బాగు చేయించమని టీచర్ ఎన్నేళ్లుగానో అడుగుతున్నారట. కారేది మీ ఇంట్లోనే కదా అని మిగతా వాళ్లు పట్టించుకోలేదు. అధ్యక్షుడు కింది అంతస్తు ఆయన. "మీరెట్లాగూ అమ్ముకొని పోతున్నరు కద టీచర్, కొన్నోళ్లు చూసుకుంటరు," అన్నాడు.

టీచర్ గొంతు పెంచలేదు. "కప్పు నా ఒక్కదానిదేనా సార్? నా ఇల్లు తీసేస్తే మీ ఇండ్ల మీద ఏముంటది?"

ఎవరో నవ్వారు. టీచర్ సంఘం నిబంధనల పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నారు. పైకప్పు మరమ్మతు సంఘానిదేనన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వాదన మధ్యాహ్నం భోజనాల వేళ దాకా సాగింది. చివరికి అధ్యక్షుడే విసుగ్గా సరేనన్నాడు. నెల తిరిగేలోపు మేస్త్రీలు డాబా మీద పాత సున్నం పెచ్చులు కొట్టేసి, నీరు దిగకుండా కొత్త పూత వేశారు.

తర్వాత ఇల్లు చూపించడానికి నేను తీసుకొచ్చింది కవితను. టీచర్ వెళ్లే దవాఖానలో నర్సు ఆమె. "కారుతుండె, బాగు చేయించినం. ఒక్క వానకే చూసినం. పెద్ద వాన ఇంక పడలే," అని టీచర్ చెప్పారు. కవిత గదులన్నీ తిరిగి వచ్చి, "గిన్ని ఇండ్లు చూసిన. ఎవ్వరు గింత చెప్పలే," అంది. ఆ వారంలోనే ఖాయం చేసుకుంది. ఏ ఆఫీసూ లేకుండా నేను కుదిర్చిన మొదటి బేరం అదే.

టీచర్ రెండు వీధుల అవతల కింది ఇంట్లో కిరాయికి దిగారు. అక్కడ మరో ఆరేళ్లు ఉన్నారు. నాకు పని పెరిగాక, ఏదో ఒక ఇంటి గురించి గొప్పలు చెబుతుంటే ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మంచిగుంది. ఇగ మిగిలింది చెప్పు," అనేవారు. ఆవిడ పోయిన రోజు కవితా నేనూ ఇద్దరమూ పక్కనే ఉన్నాం.

ఇప్పటికీ ఏ ఇల్లు చూపించినా లోపంతోనే మొదలుపెడతాను. కొందరు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. అలా పోయిన బేరాలు చాలా ఉన్నాయి, కొన్నింటికి బాధపడ్డాను కూడా. కానీ నేను అమ్మిన ఇళ్ల వాళ్లు గృహప్రవేశానికే కాదు, ఆ తర్వాత పిల్లల పుట్టినరోజులకూ పిలుస్తారు. ఆ దారిన పోతూ దాహం వేస్తే వాళ్ల ఇంటి ముందే ఆగి మంచినీళ్లు అడుగుతాను. ఇన్నేళ్లలో నేను అమ్మిన ఇళ్లలో, మళ్లీ తలుపు తట్టడానికి నేను వెనకాడే ఇల్లు ఒక్కటీ లేదు.