పౌను పడిపోయిన ఏడు

బంగారం కొట్లో ఇచ్చే కూల్‌డ్రింకు ఎప్పుడూ చల్లగా ఉండదు. మొన్న అది తాగుతూ, గొలుసులకు వేసే డాలర్ల వరస చూస్తుంటే ఎనభైల్లో పర్చూరు దగ్గర మా ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఏడు పొగాకు కొనే ఆయన మా వసారాలో ఆకు వాసన చూసి, పెదవి విరిచాడు.

"లండన్ వాళ్ళు కొంటేనే కదండీ మేం కొనేది! డాలరు పెరిగింది, పౌను పడిపోయింది. పాత రేటు రాదండి" అన్నాడు నాన్నతో.

నాకు తెలిసిన పౌను బంగారు కాసు. డాలరు అమ్మ గొలుసుకున్న బిళ్ళ. రెండు దేశాల డబ్బు తూగులో తేడా వస్తే మూడో దేశం పొగాకు చవకవుతుందని తర్వాత కాలేజీలో చదివి పాసయ్యాను. అప్పుడు మాత్రం పడిపోయిన పౌను కోసం మంచం కింద బుద్ధిగా వెతికాను. దొరక్క, అమ్మ గొలుసు పట్టుకుని చూశాను.

"అమ్మా, నీ డాలరు పెరగలేదేం?"

"బాగా చూసుకోవే. రేపు అమ్మేస్తున్నాం."