చైనా యుద్ధం నెలలో న్యూస్‌రీలు

చైనాతో యుద్ధం జరిగిన ఆ నెలలో నేను ఒక్క పుస్తకమూ పూర్తిగా చదవలేదు. అప్పుడు కల్వకుర్తిలో కొత్తగా బడిపంతులుగా చేరి, ఒక అవ్వ ఇంట్లో కిరాయికి ఉంటున్నాను. గ్రంథాలయం నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకునేవాణ్ణి. హంతకుడెవరో తేలకముందే వాటిని పక్కన పడేసి, హైదరాబాదు బస్సులో వచ్చే పేపరు కోసం రోడ్డు మీదికి పోయేవాణ్ణి. మనవాళ్లు వెనక్కి తగ్గుతున్నారని పేపరులో ఉండేది. అవ్వ కొడుకు ఫౌజులో ఉన్నాడు. ఆమెకు ఆ వార్తలు చదివి వినిపించడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ఒక సాయంత్రం అవ్వే అడిగింది. "సారూ, డేరా టాకీసుల ఆటకు ముందు ఫౌజోళ్లను సూపెడ్తున్నరంట. జర నన్ను తోల్కపో."

వెళ్లాం. తెర మీద సిపాయిలు మంచులో వరసగా కొండ ఎక్కుతున్నారు. అవ్వ దిగ్గున లేచింది. "గాడే! నా కొడుకే!"

అంతలోనే ఆ బొమ్మ పోయి సినిమా మొదలైంది. అవ్వ వెనక బొమ్మ వేసే మిషను దిక్కు తిరిగి చేతులు జోడించింది. "మల్లొక్కసారి సూపెట్టుండ్రి బిడ్డా!"

కూర్చోమని ఆమెను ఎవరూ కసరలేదు. సినిమా ఆపి, ఆ రీలు మళ్లీ వేశారు.

ఇంటికి నడుస్తుంటే నెమ్మదిగా అంది. "వాడు గాదు సారూ. నడక వేరే ఉంది."

ఆ తర్వాత ఆట మారినప్పుడల్లా ఇద్దరం వెళ్లేవాళ్లం. న్యూస్‌రీలు కాగానే లేచి వచ్చేవాళ్లం. ఎండాకాలంలో కొడుకు సెలవు మీద వచ్చాడు. వాణ్ణి అసలు ఆ కొండలకే పంపలేదట.